ఒక కన్ను తీస్తే గుడ్లెందుకొస్తాయి?

రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలో తల్లి రొయ్యను పట్టి, దాని ఒక కంటికాడను, అంటే కన్ను అమరి ఉండే కాడను, ఎర్రగా కాల్చిన పటకారుతో నొక్కేస్తారు. కొన్ని సెకన్ల పని. మళ్లీ ట్యాంకులో వదిలేస్తారు. వారం తిరిగేలోపు రాత్రిపూట టార్చి వేసి చూస్తే, వీపు పెంకు కింద అండాశయం ముదురాకుపచ్చ పట్టీలా కనిపించొచ్చు. అలాంటి రొయ్యను గుడ్లు పెట్టే ట్యాంకులోకి మారుస్తారు.

హార్మోన్లతో పునరుత్పత్తి అనగానే సూదిమందే గుర్తొస్తుంది. చేపల విషయంలో అది నిజం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించడం 1930లలో దక్షిణ అమెరికాలో మొదలైంది. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో కార్ప్ చేపలతో సాధించిందీ అదే. రొయ్యలో మాత్రం కథ తిరగబడింది. చేపకు లేనిది ఇవ్వాలి, రొయ్యకు ఉన్న అడ్డు తీయాలి.

ఆ అడ్డు కంటికాడలోనే ఉంటుంది. అక్కడి ఎక్స్ ఆర్గాన్‌లో తయారయ్యే ఒక హార్మోను పక్కనే ఉన్న సైనస్ గ్రంథిలో నిల్వయి, రక్తంలోకి విడుదలై అండాశయాన్ని ఎదగనివ్వదు. కంటికాడ తీసేస్తే రొయ్య అండాశయం పెరుగుతుందని ఫ్రాన్స్‌లో పనూస్ అనే పరిశోధకుడు 1943లో ప్రకటించాడు. అప్పటికే జపాన్‌లో మోటోసాకు ఫుజినాగా 1934లో కురుమా రొయ్య గుడ్లను పొదిగించి ఉన్నాడు. ఈ రెండు పరిశోధనలూ దాదాపు 30 ఏళ్లు ఒకదానికొకటి తగల్లేదు. ఫుజినాగాకు కంటితో పని పడలేదు, సముద్రంలో గుడ్లతో నిండిన ఆడ రొయ్యలు వలలో దొరికేవి.

అసలు సమస్య ఆ వలలోనే ఉంది. తల్లి రొయ్య దొరికిన రోజే సీడ్ (రొయ్య పిల్లలు), లేకపోతే లేదు. టైగర్ రొయ్య చెరువులో బాగానే పెరిగేది గానీ, బందీగా ఉండగా అండాశయం ముదిరేది కాదు. 1970లలో తాహితీలో, ఫిలిప్పీన్స్‌లో, మరికొన్ని చోట్ల పనూస్ ఉపాయాన్ని పెంపకపు రొయ్యలపై ప్రయోగించారు. పని చేసింది. రొయ్యల హేచరీ పరిశ్రమగా ఎదగడంలో ఈ చిన్న కోతది పెద్ద పాత్ర.

రెండు కళ్లూ ఎందుకు తీయరు? చచ్చిపోయేవి ఎక్కువవుతాయి గనుక. పొర (పాత పెంకు) విడవడాన్ని ఆపే హార్మోను, రక్తంలో చక్కెరను నడిపే హార్మోను కూడా ఆ కాడలోనివే. అండాశయాన్ని ఆపే ఒక్క హార్మోను కోసం మొత్తం కాడ తెంపడమంటే, తాళంచెవి దొరక్క తలుపు పగలగొట్టినట్టే. అందుకే పొర విడిచే ముందు గానీ, విడిచిన వెంటనే గానీ ఈ పని చేయరు. అండాశయం తయారైనా అందులోకి పోవాల్సిన సరుకు తిండి నుంచే రావాలి. స్క్విడ్, సముద్రపు పురుగులు తక్కువైతే, వెంటవెంటనే గుడ్లు పెట్టే తల్లికి గుడ్ల నాణ్యత పడిపోతుంది.

మరి తాళంచెవి? నరాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ ఇంజెక్షన్ వనామీ రకం రొయ్యలో అండాశయాన్ని ముదిరించిందని 2000లో తేలింది, కానీ కోతంత ఫలితం రాలేదు. ప్రొజెస్టరాన్ లాంటి స్టెరాయిడ్లనూ కొన్ని జాతులపై పరీక్షించారు. నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది థాయ్‌లాండ్ దారి: అడ్డుపడే హార్మోను జన్యువునే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏతో నోరుమూయించి, కన్ను ముట్టకుండా టైగర్ రొయ్య చేత గుడ్లు పెట్టించారు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అయినా ట్యాంకు దగ్గర నిలబడ్డ టెక్నీషియన్‌కు పటకారు కన్నా చవకైనది లేదు.

పటకారుకు గట్టి పోటీ మందుల నుంచి రాలేదు, తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన వనామీ నుంచి వచ్చింది. అది కన్ను తీయకపోయినా గుడ్లు పెడుతుంది, కాకపోతే కాస్త నిదానంగా. రొయ్యలు, పీతలకు కూడా బాధ తెలుస్తుందని ఒప్పుకుంటూ బ్రిటన్ 2022 చట్టంలో చేర్చింది. దాంతో కొనుగోలుదారులు కోత గురించి అడగడం పెరిగింది. కోత మానేసిన హేచరీ అన్నే నాప్లీలు (గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు) కావాలంటే ఎక్కువ తల్లి రొయ్యల్ని, వాటికి సరిపడా ట్యాంకుల్ని, మేతను సమకూర్చుకోవాలి.