రొయ్యల గుంట నీళ్ల టైట్రేషన్‌కి స్క్రిప్టు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబుల్లో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) టైట్రేషన్ రోజూ పదేపదే చేసే పని. నీళ్లలోకి కొద్దికొద్దిగా ఆమ్లం వదిలి, పీహెచ్ ఒక అంకెకి దిగేసరికి ఎంత ఖర్చైందో చూడటమే టైట్రేషన్. సిరింజి పంపు, పీహెచ్ ప్రోబ్, వాటిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు ఆర్డుయినో ఊనో, కంప్యూటర్లో పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టు ఉంటే ఆ పని యంత్రానికి అప్పజెప్పొచ్చు.

అపోహ: ఒకసారి పనిచేసిన స్క్రిప్టు ఎప్పుడైనా పనిచేస్తుంది.

వాస్తవం: అంకెల్ని కోడ్ మధ్యలో ఇరికిస్తే పనిచేయదు. శాంపిల్ 100 మి.లీ., సల్ఫ్యూరిక్ ఆమ్లం నార్మాలిటీ (గాఢత) 0.02, ఆగాల్సిన పీహెచ్, బోర్డు కంప్యూటర్‌కి తగిలించిన పోర్టు పేరు విడిగా సెట్టింగుల ఫైల్లో ఉండాలి. ఆగే పీహెచ్ కూడా నీటిని బట్టి మారుతుంది: ఆల్కలినిటీ లీటరుకు 30 మి.గ్రా. ఉంటే 4.9, 150 ఉంటే 4.6, 500 ఉంటే 4.3. ఆమ్లం కొత్తగా కలిపిన ప్రతిసారీ సోడియం కార్బొనేట్‌తో నార్మాలిటీ తేల్చి ఆ అంకె మార్చాలి. ఫైల్లో 0.02 అలాగే ఉండి, సీసాలో నిజంగా ఉన్నది 0.0192 అయితే, 120 రావాల్సిన నీటికి స్క్రిప్టు 125 చూపిస్తుంది. ఆల్కలినిటీ లెక్క ఇదీ: ఖర్చైన ఆమ్లం మి.లీ. × నార్మాలిటీ × 50,000 ÷ శాంపిల్ మి.లీ.

అపోహ: పంపుకి 1 మి.లీ. అని చెబితే 1 మి.లీ. పడుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే. సిరింజిలోకి ఆమ్లం లాగాక మళ్లీ ముందుకు తోసేటప్పుడు మోటారు కాసేపు ఊరికే తిరుగుతుంది, ప్లంజర్ కదలదు. స్క్రూకీ నట్టుకీ మధ్య ఉన్న సందు ముందు పూడాలి. అందుకే ‘నింపు’ ఫంక్షన్ చివర్లో 0.5 మి.లీ. వేరే బీకర్లోకి వదిలే వరస తప్పకుండా పెట్టండి. గొట్టంలో బుడగ ఉంటే అదీ ఆమ్లం కింద లెక్కలో పడిపోతుంది. వారానికోసారి 1 మి.లీ. చొప్పున పదిసార్లు నీళ్లు వదిలించి తూకం వేయండి; 30 డిగ్రీల దగ్గర 1 మి.లీ. దాదాపు 0.996 గ్రాములు. పదీ ఒకేలా తగ్గితే మి.లీ.కి మోటారు ఎన్ని స్టెప్పులు (చిన్న కదలికలు) తిరగాలో ఆ అంకె సరిచేయాలి. తూకాలు చెల్లాచెదురుగా వస్తే బుడగో లీకో ఉన్నట్టు.

అపోహ: ప్రోబ్ అంకె చూపగానే రాసుకోవచ్చు.

వాస్తవం: పది సెకన్లలో మార్పు 0.01 లోపుకి వచ్చేదాకా స్క్రిప్టు ఆగాలి. 60 సెకన్లకీ నిలకడ రాకపోతే ఆ శాంపిల్ వదిలేసి, కారణం ఫైల్లో రాయాలి. పీహెచ్ 5.5 దాకా 0.5 మి.లీ. చొప్పున, ఆ తర్వాత 0.05 చొప్పున వదలాలి. పొద్దున 7.00, 4.01 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) చూసిన స్లోపు, అంటే ప్రోబ్ స్పందన ఉండాల్సిన దాంట్లో ఎంతో చెప్పే అంకె, 95 శాతం కన్నా తగ్గితే స్క్రిప్టు అసలు మొదలే కాకూడదు.

అపోహ: కరెంటు పోయి వస్తే ఆగిన చోటు నుంచి సాగించొచ్చు.

వాస్తవం: వద్దు. బీకర్లో ఎంత పడిందో నమ్మకంగా చెప్పలేం; ఆ శాంపిల్ పారబోసి కొత్తది పెట్టాలి. పైగా పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది, మొదటి ఆదేశం గాల్లో కలుస్తుంది. పోర్టు తెరిచాక 2 సెకన్లు ఆగి, బోర్డు ‘సిద్ధం’ అని బదులిచ్చాకే ఆమ్లం వదలాలి. మొత్తం 25 మి.లీ. దాటితే పంపు ఆగిపోయే హద్దు కూడా కోడ్‌లో ఉండాలి. ప్రోబ్ తెగిపోతే బీకరు పొంగకుండా ఆపేది అదొక్కటే.

అపోహ: హార్డ్‌నెస్ (నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంతో) పరీక్షకి స్క్రిప్టు మొత్తం కొత్తగా రాయాలి.

వాస్తవం: ‘నింపు’, ‘వదులు’, ‘రాయి’ ఫంక్షన్లు అలాగే వాడుకోవచ్చు. ఎక్కడ ఆగాలో తేల్చే ముక్క మాత్రం మారుతుంది. హార్డ్‌నెస్‌కి చేసే ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రసాయనం) టైట్రేషన్లో నీటి రంగు ఎరుపు నుంచి నీలంగా మారడమే గుర్తు కాబట్టి పీహెచ్ ప్రోబ్ పనికిరాదు, కలర్ సెన్సర్ కావాలి. ఉప్పు గుంటల నీటిని ముందే పలచన చేయాలి, ఎంత పలచన చేశారో ఆ అంకె కూడా సెట్టింగుల ఫైల్లోకే.