ఐటీఐ చదువు: అసలు ఖర్చు ఫీజులో లేదు (అపోహలు - వాస్తవాలు)

జూన్ వచ్చిందంటే నా ఫోనుకు ఊపిరాడదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ (ఇనుప భాగాలను కొలతకు మలిచి అమర్చే పని) నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి, పదో తరగతి ఫలితాలు రాగానే చుట్టాలు, వాళ్ల చుట్టాలు వరసపెట్టి అడుగుతారు. మొదటి ప్రశ్న: "మా వాణ్ని ఐటీఐలో వేస్తే ఎంతవుతుంది సార్?" కాసేపాగి, గొంతు తగ్గించి రెండోది: "రోజూ రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తారట కదా?"

ఈ రెండో ప్రశ్న వినీ వినీ నాకు విసుగొచ్చింది.

అపోహ: సర్టిఫికెట్ చేతికొస్తే చాలు, తరగతులకు వెళ్లనక్కర్లేదు.

నిబంధన ప్రకారం 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వకూడదు. "అదంతా మేం చూసుకుంటాం" అనే మధ్యవర్తులకు మాత్రం ఏ ఊళ్లోనూ కొదవలేదు. తల్లిదండ్రుల లెక్క నాకు అర్థమవుతుంది. పిల్లవాడు ఏ మొబైల్ షాపులోనో నెలకు 8 వేలు తెస్తాడనుకుంటే, కోర్సు సాగే రెండేళ్లకు 1,92,000 రూపాయలు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. బస్ పాసు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్నం భోజనం కలిపినా ఆ మొత్తం ముందు లెక్కలోకి రావు. పేదింటికి అసలు భారం ఆ రాని జీతమే. అందుకే జీతానికి జీతం, కాగితానికి కాగితం అనగానే ఆశ పుడుతుంది.

తెలిసినాయన ఒకరు అలాగే మధ్యవర్తికి 40 వేలు కట్టారు. రెండేళ్ల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది, అది నకిలీదీ కాదు. అబ్బాయి ఒక కర్మాగారంలో అప్రెంటిస్ (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణార్థి) ఎంపికకు వెళ్లాడు. వైస్‌లో (ముక్కను కదలకుండా పట్టే బిగింపు పరికరంలో) చిన్న ఇనుప ముక్క బిగించి, ఒక అంచు చదును చేసి పక్క అంచుకు లంబంగా తెమ్మన్నారు. వాడు ఆకురాయి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఒకే బలంతో రుద్దాడు. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఒత్తిడి తీసేయాలి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి. మా దగ్గర మొదటి వారం పాఠం అది. ఎంపిక చేసే పెద్దాయన ఒక నిమిషం చూసి, "చాల్లే బాబూ" అన్నారట. సాయంత్రం తండ్రి నా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఆయన్ను ఏమనగలను?

నేను చదువుకునేటప్పుడు మా సార్ నా ముక్కను పదకొండుసార్లు తిప్పి పంపారు. ముక్క మీద మూలమట్టం (అంచులు లంబంగా ఉన్నాయో లేదో చూసే సాధనం) ఆనించి కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తేవారు. సందులోంచి వెంట్రుకంత వెలుగు కనిపించినా మాట్లాడకుండా నా చేతిలో పెట్టేవారు. అరచేతిలో బొబ్బలు పగిలి, గట్టిపడి, ఆ తర్వాతే చేతికి తూకం తెలిసింది. అది ఏ మధ్యవర్తీ ఇప్పించలేడు. గల్ఫ్ వెళ్లొచ్చిన వెల్డర్లను అడగండి: వీసా మాట తర్వాత, ముందు ట్రేడ్ టెస్టులో పైపు ముక్కలిచ్చి అతకమంటారు. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ కావాలన్నా రాత పరీక్షతో సరిపోదు, స్తంభం ఎక్కి చూపించాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ఐటీఐలో చేరితే పైచదువుల దారి మూసుకుపోతుంది. లేదు. తెలంగాణలో రెండేళ్ల ట్రేడ్ పాసైనవారు ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మార్కులు, బ్రిడ్జి కోర్సు (పైచదువుకు సిద్ధం చేసే చిన్న కోర్సు) షరతులు ఉంటాయి, ముందే కనుక్కోండి.

అపోహ: అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం ఖాయం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం ఇవ్వాలన్న నియమం లేదు. అలాగని మానేయకండి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది, పరీక్ష మాత్రం అందరిలాగే రాయాలి.

అపోహ: ఆడపిల్లలకు ఎందుకు? నా బ్యాచ్‌లలో అతి సన్నని కొలతలు తప్పకుండా తీసేది చాలాసార్లు వాళ్లే. ఇంతకంటే దీనికి జవాబు చెప్పే ఓపిక లేదు.

అపోహ: బోర్డు మీద ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) అని ఉంటే అన్ని ట్రేడ్‌లకూ గుర్తింపు ఉన్నట్లే. గుర్తింపు అనేది ఐటీఐ మొత్తానికి కాదు, ట్రేడ్‌కూ యూనిట్‌కూ (అంటే ఒక్కో బ్యాచ్‌కూ) విడివిడిగా ఇస్తారు. మీ పిల్లవాడు చేరే ట్రేడ్ పేరు గుర్తింపు పత్రంలో ఉందేమో చూపించమనండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఇంకో పని కూడా చేయండి: చెప్పకుండా ఏ మంగళవారమో పదకొండు గంటలకు వర్క్‌షాపు గుమ్మం దగ్గరికి వెళ్లి, వైస్‌ల కింద రాలి ఉన్నది ఇనుప రజనో, ఉత్త దుమ్మో చూడండి.