తెలిసిపోకుండా జుట్టు నాటడం ఎలా అలవడింది?

మా చిన్నాన్న కొడుక్కి ఇరవై ఏడేళ్లు. సంబంధాలు చూస్తున్నారు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగిపోతోందని ఏడాదిగా ఒకటే టెన్షన్ వాడికి. సంక్రాంతి అయ్యాక హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి వచ్చింది. మార్కర్ పెన్ను తీసి, కనుబొమలకి సరిగ్గా మూడు వేళ్ల ఎత్తున, ఈ కణత నుంచి ఆ కణత దాకా స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గీత గీసి అద్దం చేతికిచ్చింది. "మూడు వేల గ్రాఫ్టులు, అంటే నాటే ముక్కలు, పడతాయి సర్. కాలేజీలో ఎలా ఉన్నారో అలా అయిపోతారు" అంది. మావాడు అడిగింది ఒక్కటే, "చేయించుకున్నట్టు తెలిసిపోతుందా మేడమ్?"

"ఛాన్సే లేదు సర్."

ఈ వైద్యం కథంతా మావాడు అడిగిన ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. తల వెనక నుంచి తీసిన వెంట్రుక ముందు నాటితే బతుకుతుందా అన్నది ఎప్పుడో తేలిపోయింది. నాటింది నాటినట్టు కనపడకుండా చెయ్యడానికే దశాబ్దాలు పట్టింది. ఇప్పటికీ చాలా తలల మీద అది కుదరడం లేదు.

మొదట చేసింది జపాన్ వాళ్లు. 1939లో షోజి ఒకుడా అనే చర్మవైద్యుడు, కాలిన గాయాల వల్ల తల మీదా కనుబొమల మీదా జుట్టు పోయినవాళ్లకి, సన్నటి లోహపు గొట్టంతో వెంట్రుకలున్న చర్మాన్ని చిన్న చిన్న బిళ్లలుగా తీసి నాటిన పద్ధతిని రాసిపెట్టాడు. 1943లో హజిమె తమురా ఇంకా ముందుకు వెళ్లాడు. మర్మస్థానంలో జుట్టు మొలవని స్త్రీలకి ఆయన ఒక్కో వెంట్రుకనే విడదీసి నాటాడు. పెద్ద బిళ్లల కంటే ఇలా నాటితేనే సహజంగా ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. కానీ అది యుద్ధకాలం. రాసింది జపనీస్‌లో. పడమటి దేశాల డాక్టర్ల కంట అది పడనే లేదు. ప్రపంచం తమురా దగ్గర నుంచి మొదలుపెట్టి ఉంటే, ఆ తర్వాత నలభై ఏళ్లపాటు ఎంతోమంది మగాళ్లు బొమ్మ జుట్టుతో తిరగాల్సిన ఖర్మ ఉండేది కాదు.

అందుకే న్యూయార్క్‌లో అంతా మళ్లీ మొదటి నుంచి మొదలైంది. నార్మన్ ఓరెంట్రైక్ అనే చర్మవైద్యుడు 1952లో బట్టతల మగవాడికి జుట్టు నాటాడు. 1959లో దాని మీద పరిశోధనాపత్రం అచ్చువేశాడు. ఆయన తేల్చిన సూత్రానికి డోనర్ డామినెన్స్ అని పేరు. వరి నాట్లు తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక: గుణం నారుది, మడిది కాదు. తల వెనకా చెవుల పైనా ఉండే జుట్టు మగ హార్మోన్ల దెబ్బకి రాలే రకం కాదు. దాన్ని వేరుతో సహా పీకి నెత్తి మీద బట్టతల చోట పెట్టినా పాత గుణం మారదు, పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. తిరుమల కల్యాణకట్టలో రోజూ అన్ని తలనీలాలు పోగవుతాయి కదా, అవి నాటకూడదా అని. అక్కడ తెగేది వేరు పైన ఉన్న వెంట్రుక. వేరు భక్తుడి తలలోనే ఉంటుంది, అందుకే గుండు మళ్లీ నిండుతుంది. ఆ జుట్టు విగ్గులకి పనికొస్తుంది గానీ నాట్లకి రాదు. ఒకవేళ వేరుతో తీసినా, ఒకరిది ఇంకొకరి ఒంట్లో శరీరం ఒప్పుకోదు. ఎవరి నారుమడి వాళ్ల తల వెనకే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఓరెంట్రైక్ సూత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు. చిక్కంతా ఆయన పనిముట్టుతో వచ్చింది. 4 మిల్లీమీటర్ల పంచ్‌తో (గుండ్రటి గొట్టపు కత్తి) చర్మాన్ని కందిగింజంత బిళ్లలుగా తీసేవాళ్లు. ఒక్కో బిళ్లలో పదిహేను, ఇరవై వెంట్రుకలు. బిళ్లకి చుట్టూ ఉన్న చర్మం నుంచి రక్తం అందాలి కాబట్టి పక్కపక్కనే పెట్టే వీల్లేదు, మధ్యలో ఖాళీ వదలాలి. ఆ ఖాళీలని రెండో విడతలో, మూడో విడతలో నింపాలని లెక్క. గాయం మానేటప్పుడు బిళ్ల కుంచించుకుపోయి వెంట్రుకలన్నీ నడిమికి చేరేవి. మధ్యలో బోడి నేల, అక్కడక్కడా కుదుళ్లు. ప్లాస్టిక్ బొమ్మ జుట్టు పక్కకి తీసి చూస్తే పుట్టలు పుట్టలుగా కనిపిస్తుందే, అచ్చం అలాగే. ఇంగ్లీషులో దీనికి పేరే డాల్స్ హెయిర్ అని పడిపోయింది.

అయినా జనం చేయించుకున్నారు. విస్కాన్సిన్ సెనెటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1972లో చేయించుకుని దాచుకోకపోవడంతో అమెరికాలో అది పెద్ద వార్తయింది. కానీ రెండో విడతకి రానివాళ్లు ఎందరో. డబ్బు చాలకో, మొదటి విడత నొప్పి గుర్తుండో. వచ్చినవాళ్లకి కూడా, కుదుళ్ల మధ్య సొంతంగా ఉన్న జుట్టు వయసుతో రాలిపోయేసరికి, అరవై ఏళ్లకి నుదుటి మీద వరుస కట్టిన కుదుళ్లే మిగిలాయి. నాటిన జుట్టు రాలకపోవడమే ఇక్కడ శాపమైంది.

1970లలో వేరే దారులూ తొక్కారు. బట్టతల చర్మాన్నే కోసి తీసేసి అంచులు లాగి కుట్టడం ఒకటి. చెవి పైనుంచి జుట్టున్న చర్మాన్ని పట్టీలా లేపి ముందుకి తిప్పి అతికించడం మరొకటి, 1975లో అర్జెంటీనా సర్జన్ హోసే హురీ దీనికి పేరు తెచ్చాడు. పట్టీలో జుట్టు దట్టంగానే ఉండేది. కాకపోతే ముందుకి వాలాల్సింది వెనక్కి వాలేది, నుదుటి మీద గోడ కట్టినట్టుండేది. వీటి గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

అసలు మలుపు ఆపరేషన్ థియేటర్‌లో రాలేదు, మైక్రోస్కోపు కింద వచ్చింది. 1984లో జాన్ హెడింగ్టన్ అనే పాథాలజిస్టు తల చర్మాన్ని అడ్డంగా పల్చటి పొరలుగా కోసి చూశాడు. వెంట్రుకలు మనం అనుకున్నట్టు ఒక్కొక్కటిగా మొలవవు. ఒకటి, రెండు, మూడు, అప్పుడప్పుడు నాలుగు కలిసి, తమ నూనె గ్రంథులతో, చిన్న కండరంతో ఒక జట్టుగా ఉంటాయి. ఆ జట్టుకి ఫాలిక్యులర్ యూనిట్ అని పేరు పెట్టాడు. ఆయన చూసింది రోగనిర్ధారణ కోసం, బట్టతలల కోసం కాదు.

ఆ జట్టుని చెడకుండా విడదీయడం టెక్సస్‌లో శాన్ ఆంటోనియో డాక్టర్ బాబీ లిమ్మర్ 1988లో మొదలుపెట్టాడు. తల వెనక నుంచి చర్మాన్ని ఒకే పట్టీగా కోసి తీసి, రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో జట్టునీ చుట్టూ ఉన్న కొవ్వు నుంచి ఒలిపించాడు. 1995లో రాబర్ట్ బెర్న్‌స్టీన్, విలియం రాస్‌మన్ ఇద్దరూ కలిసి, నాటేదంతా ఈ జట్ల లెక్కనే ఉండాలని పద్ధతిగా రాశారు. కందిగింజ పోయి ఆవగింజ వచ్చింది. ఇప్పుడు క్లినిక్కుల్లో గ్రాఫ్టు అంటున్నది దీన్నే.

ముక్క చిన్నదైతే ఏమొచ్చింది? అద్దం ముందు నిలబడి మీ నుదుటి అంచునే ఒకసారి దగ్గరగా చూసుకోండి. అక్కడ గీత అనేదే లేదు. ముందు నూగు, దాని వెనక విడివిడిగా సన్నటి ఒంటి వెంట్రుకలు, అవి కూడా ఒకటి ముందుకి, ఇంకొకటి కాస్త వెనక్కి. అర అంగుళం లోపలికి వెళ్తే గానీ రెండేసి, మూడేసి కనపడవు. వంపు కూడా చూడండి. ముందు వెంట్రుకలు నిటారుగా నిలబడవు, చర్మానికి దాదాపు ఆనుకుని ముందుకి వాలి ఉంటాయి. కణతల దగ్గర కిందికి దిగుతాయి. నడినెత్తిన సుడి చుట్టూ తిరుగుతాయి. (రెండు సుడులుంటే ఇద్దరు పెళ్లాలంటారు మా ఊళ్లో. సర్జన్‌కి మాత్రం రెండింతల పని.) ఒంటి వెంట్రుక జట్లని ఏరి మొదటి రెండు మూడు వరుసల్లో కావాలనే వంకరటింకరగా, పాత వెంట్రుక ఎటు వాలిందో అటే సూది రంధ్రం చేసి పెట్టడం చిన్న ముక్క వచ్చాకే సాధ్యమైంది. పొలంలో తాడు పట్టి వరస తప్పకుండా నాటితే మంచి నాటు. తల మీద అదే పని చేస్తే పది అడుగుల దూరం నుంచి దొరికిపోతారు.

పట్టీ పద్ధతిలో ఇంకో ఆనవాలు మిగిలింది. తల వెనక ఈ చెవి నుంచి ఆ చెవి వైపు సన్నటి కుట్టు మచ్చ. జుట్టు బాగా పొట్టిగా కత్తిరిస్తే బయటపడేది. 2002లో రాస్‌మన్, బెర్న్‌స్టీన్ బృందమే ఎఫ్‌యూఈ (ఫాలిక్యులర్ యూనిట్ ఎక్స్‌ట్రాక్షన్) పద్ధతిని ప్రచురించింది: పట్టీ కోయకుండా, సుమారు 1 మిల్లీమీటర్ పంచ్‌తో జట్లని ఒక్కొక్కటిగా లాగడం. గీత పోయింది, చుక్కలు మిగిలాయి. పైన జుట్టుంటే అవి కనపడవు.

దాచడం కూడా ఈ కాలంలోనే మారింది. 2004 ఆగస్టులో సార్డీనియాకి అతిథిగా వచ్చిన టోనీ బ్లెయిర్ పక్కన ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ తలకి తెల్ల గుడ్డ కట్టుకుని తిరిగితే, ఇదేం వేషం అని పత్రికలన్నీ రాశాయి. జుట్టు నాటించుకున్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. 2011లో ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ రూనీ తానే ట్విటర్‌లో చెప్పేశాడు, ఇరవై అయిదేళ్లకే జుట్టు పోతుంటే ఎందుకు చేయించుకోకూడదని. మా పక్క కుర్రాళ్లు ఇంకా బెర్లుస్కోనీ దారిలోనే ఉన్నారు. డిసెంబర్ సెలవుల్లో అమెరికా నుంచి దిగి, నాట్లూ పెళ్లిచూపులూ ఒకే ట్రిప్పులో కానిచ్చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. నాటిన వెంట్రుకల్లో చాలా భాగం మూడు వారాల నుంచే రాలిపోతుంది. మళ్లీ మొలవడం మొదలయ్యేసరికి మూడు నాలుగు నెలలు, పూర్తి రూపం రావడానికి దాదాపు ఏడాది.

ఎఫ్‌యూఈతో వచ్చిన చిక్కు, అది చూడటానికి తేలిగ్గా ఉండటం. కోత లేదు, కుట్టు లేదు, మోటారు పంచ్ చేతికొస్తే ఎవరైనా చెయ్యొచ్చనిపిస్తుంది. ఇస్తాంబుల్ ప్యాకేజీలు, మన దగ్గర వీధికో బోర్డు, డాక్టర్ పేరు బయట, పని టెక్నీషియన్లది లోపల. హెయిర్ సర్జన్ల అంతర్జాతీయ సంఘం ఇలాంటి చోట్ల తల పాడైపోయినవాళ్లకి మరమ్మతు చెయ్యడానికి ఏకంగా ఒక రోజునే పెట్టింది, నవంబర్ 11. మన జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందికి రాదని రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఇక నారుమడి లెక్క. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు. సగం పోయేదాకా పల్చబడ్డట్టు పెద్దగా కనపడదు. నెత్తంతా ఖాళీ అయితే పూడ్చడానికి వెనక నుంచి తీయగలిగింది జీవితం మొత్తానికి, మామూలు తలకి, ఐదారు వేల గ్రాఫ్టులు. అంటే పది పన్నెండు వేల వెంట్రుకలు. అంతకు మించి లాగితే వెనక భాగం పురుగు తిన్న పట్టుచీరలా అవుతుంది. ఇరవై ఏడేళ్లకే మూడు వేలు ముందు గీతకి పోసేస్తే, నలభై అయిదేళ్లకి నడినెత్తి ఖాళీ అయినప్పుడు ఏం పెడతారు? పైగా నాటిన గీత అక్కడే ఉంటుంది, దాని వెనక సొంత జుట్టు జరుగుతూ పోతుంది. 1970ల కుదుళ్లవాళ్లకి జరిగింది ఇదే. పంచ్ 4 మిల్లీమీటర్ల నుంచి 1కి దిగినా, గీత తప్పు చోట గీస్తే ఫలితం మారదు.

మావాణ్ని వేరే ఊళ్లో ఇంకో డాక్టర్‌కి చూపించాం. పెద్దాయన. ముందు వాళ్ల నాన్న ఫొటో, మేనమామల ఫొటోలు అడిగారు. ఫోన్‌లో ఉన్నవి చూపిస్తే, ముగ్గురివీ నున్నటి తలలే. కళ్లజోడు పైకి నెట్టుకుని మావాడి నుదుటి మీద తానూ మార్కర్‌తో గీశారు, మొదటి అమ్మాయి గీత కంటే బాగా పైన, ఒక చోట గుండ్రంగా, ఒక చోట చెదిరినట్టు, కణతల దగ్గర ఖాళీ వదిలి. "ఇది కూడా ఇప్పుడు కాదు. ఏడాది మినాక్సిడిల్ మందు తలకి రాయి, నేను రాసిచ్చే మాత్ర వేసుకో, రాలడం ఆగుతుందో లేదో చూద్దాం" అన్నారు. మావాడికి మొహం మాడిపోయింది. స్పిరిట్ దూదితో ఎంత రుద్దినా ఆ గీత పూర్తిగా పోలేదు. తిరుగు బస్సులో ఇంటిదాకా టోపీ పెట్టుకునే కూర్చున్నాడు.