టిక్ టిక్ మంటుంటే వెంటనే వైరు తీసేయండి

చిన్నూ, పండూ,

హార్డ్ డిస్క్ బల్ల మీంచి కింద పడిందని, టిక్ టిక్ మంటోందని, మీరిద్దరూ పొద్దుటి నుంచి వైరు పీకుతూ పెడుతూ ఉన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ఆ పని ఆపండి నాన్నా. తిట్టడానికి రాయట్లేదు, అందులో మీ అమ్మమ్మ గొంతు ఉంది, అందుకని రాస్తున్నా.

లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్డు పళ్లేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు, ఇక ఆ సందులో దుమ్ము పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కింద పడ్డప్పుడు హెడ్డు దెబ్బతింటే చదవాల్సిన చోటు దానికి దొరకదు, వెనక్కి వెళ్లి మళ్లీ వెతుక్కుంటుంది, ఆ టిక్ టిక్ అదే. మీరు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ అది పళ్లేన్ని గీకుతుండొచ్చు. పైపూత లేచిపోయిన చోట ఉన్న ఫొటోని ఇక ఎవరూ తేలేరు.

కాబట్టి మూత విప్పొద్దు. ఫ్రిజ్‌లో పెట్టమని వీడియోల్లో చెప్తారు, అదీ వద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. దీన్ని క్లీన్ రూమ్, అంటే దుమ్ము చొరబడని గది ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇవ్వాలి. ఖర్చు నాది.

శబ్దం లేకుండా నత్తనడక నడుస్తూ ఎర్రర్లు చూపించే డిస్క్ అయితే వేరే సంగతి. అలాంటిది నా దగ్గర ఒకటి ఉండేది. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ముందు మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ తీశా. అది తేలిగ్గా వచ్చే భాగాలు ముందు లాగేసి, మొండికేసిన చోట్లు చివరికి వదిలి, ఎంతవరకు అయిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది. రెండు రాత్రులు పట్టింది. తర్వాత ఆ కాపీ మీదే, పోయిన ఫొటోలు వెతికిపెట్టే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం నడిపా, అసలు డిస్క్‌ని మళ్లీ ముట్టుకోలేదు. ఫొటోలు వచ్చాయి కానీ పేర్లన్నీ పోయి, ఎఫ్ అనే అక్షరం పక్కన వరసగా అంకెలు. మీ అమ్మ మొదటి పుట్టినరోజు ఏ అంకెలో ఉందో ఒక్కొక్కటీ తెరిచి వెతుక్కున్నా.

టెన్షన్ పడకండి. 2003లో మన కల్పనా చావ్లా ఉన్న కొలంబియా నౌక కూలినప్పుడు, శిథిలాల్లో కాలి నల్లబడ్డ ఒక హార్డ్ డిస్క్ దొరికింది. పళ్లేల మీద డేటా ఉన్న భాగం చెడలేదు కాబట్టి 99 శాతం వెనక్కి తెచ్చారు.

ఆదివారం మీ నాన్న ఇటు వస్తున్నాడుగా, మెత్తటి తువ్వాల్లో చుట్టి, అటూ ఇటూ కదలకుండా డబ్బాలో పెట్టి ఇచ్చి పంపండి. అమ్మమ్మ గోంగూర నూరుతూ మీకు కథ చెప్పిన వీడియో ఏ నెలలో తీశారో కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి, ముందు దాన్నే వెతకమని చెప్తా.

మీ తాతయ్య