పాత టర్బో కారు, పొగ పరీక్ష

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మన పాత డీజిల్ కారు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఇంత తతంగం ఎందుకు, పొగ పరీక్ష చేసే వ్యాను దగ్గర ఆపి డబ్బులిస్తే అయిపోదా అని అడిగారు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు టర్బో సంగతి తెలియాలి. డీజిల్ పూర్తిగా కాలాలంటే గాలి దండిగా అందాలి. చాలకపోతే కాలని కార్బన్ మసిగా మారి సైలెన్సర్‌లోంచి నల్లపొగై వస్తుంది. ఊళ్లో కట్టెల పొయ్యి పొగచూరితే అమ్మమ్మ ఊదుగొట్టం అందుకుని ఊదేది, మంట లేచేది, పొగ తగ్గేది. ఇంజనుకు టర్బో అలాంటి ఊదుగొట్టమే. చిత్రమేమిటంటే, దాన్ని నడిపేది ఇంజను విడిచిన వేడి వాయువే. ఆ వాయువు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి లోపలికి తోస్తుంది. మంచి ఊపులో ఉన్నప్పుడు చిన్న కార్ల టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు.

ఇక పరీక్ష. గేరు న్యూట్రల్‌లో ఉంచి, వేడెక్కిన ఇంజన్ని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రేజ్ చేస్తారు. ఇలా కొన్నిసార్లు చేసి, సైలెన్సర్‌లో పెట్టిన గొట్టంతో పొగను మీటరులోకి లాగుతారు. మీటరులో ఒకవైపు నుంచి వెలుతురు పంపి, పొగ ఎంత వెలుతురును అడ్డుకుందో కొలుస్తారు. బండ్ల పొగకు మన ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలను బీఎస్ అంటారు, అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం. మన కారు లాంటి, బీఎస్-4 కన్నా ముందు తరం డీజిల్ బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ చిక్కదనానికి కొలత) వరకు అనుమతి ఉంది. బీఎస్-4 బండ్లకు అది 50. ఆ సర్టిఫికెట్ మనకు ఆరు నెలలే చెల్లుతుంది, బీఎస్-4, బీఎస్-6 బండ్లకైతే ఏడాది.

పాత టర్బో బండి తప్పేది సరిగ్గా ఇక్కడే. పెడల్ తొక్కగానే డీజిల్ వెంటనే పడుతుంది. టర్బో చక్రం ఊపందుకోవడానికి మాత్రం ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఆ మధ్యలో డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎంత మంచి పాత బండైనా అప్పుడు కాస్త పొగ వదులుతుంది. లోపం ఉన్న బండైతే గుప్పుగుప్పున వదులుతుంది. అందుకే ఈ పరీక్షంటే నాకు గౌరవం. రోడ్డుమీద మామూలుగా నడిపినప్పుడు కంటికి కనపడని జబ్బుల్ని ఇది ఆ రెండు క్షణాల్లో బయటపెడుతుంది.

పొగ ఎక్కువ వస్తే చాలామంది నేరుగా టర్బో పోయిందంటారు. తొందరపడి కొత్త టర్బో కొనొద్దు, అది ఖరీదైన వస్తువు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి. మన రోడ్ల దుమ్ముకు అది ఊహించినదానికన్నా త్వరగా మూసుకుపోతుంది. తర్వాత టర్బో నుంచి, వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు పైపులు. వయసుతో అవి చీలుతాయి, క్లిప్పులు వదులవుతాయి. పైకి బాగానే కనిపిస్తాయి కానీ ఒత్తిడి పెరిగినప్పుడు గాలి బుస్సున బయటికి పోతుంది. పికప్ తగ్గి, నల్లపొగ పెరిగిందంటే నా అనుమానం మొదట ఈ పైపుల మీదే. ఆ తర్వాత, విడిచిన వాయువులో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో, డీజిల్‌ను సరిగా చిమ్మకుండా ఇంజెక్టర్లు కారుస్తున్నాయేమో చూడాలి. పికప్ కోసం ఎవరైనా పంపులో డీజిల్ మోతాదు పెంచి ఉంటే దాన్ని అసలు సెట్టింగుకు తేవాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌లో పంపు, నాజిల్ పని చేసేవాళ్లు బెంచి మీద పెట్టి పరీక్షించి చెబుతారు, అంచనా మీద విప్పరు.

పొగ రంగు కూడా చూడండి. నలుపైతే గాలి, డీజిల్ లెక్క తప్పింది. నీలంగా ఉంటే ఇంజను ఆయిల్ కాలుతోంది, అప్పుడు టర్బో సీళ్లను అనుమానించవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ కాలకుండా పోతోందో, ఇంజన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి దిగుతోందో చూడాలి.

అన్నీ సరిచేశాక, పరీక్ష రోజున కారును హైవే మీద అరగంట హుషారుగా నడిపించాలి. చల్లటి ఇంజనుతో పరీక్షకు వెళ్లడం శుద్ధ దండగ. సైలెన్సర్‌లో పేరుకున్న మసి కూడా దారిలోనే కొంత పోతుంది. పరీక్షకు ముందు ఆయిల్ మట్టం, టైమింగ్ బెల్టు వయసు తప్పక చూసుకోవాలి. అంత రేజ్ చేసినప్పుడు ముసలి బెల్టు తెగితే ఇంజనే పోతుంది.

ఇక మీరన్న డబ్బుల దారి. సగం పెడల్ తొక్కి మీటరును మోసం చేయొచ్చు, బండి చూడకుండా కాగితమూ పుట్టించవచ్చు. నేను ఆ పని చేయను. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. సిగ్నల్ దగ్గర మన వెనక ఆగే స్కూలు ఆటోలో మీలాంటి పిల్లలే కూర్చుంటారు. వాళ్లు పీల్చేది కాగితం మీది అంకెను కాదు, మన సైలెన్సర్ వదిలిన పొగనే. పైగా చీలిన పైపు మారిస్తే పికప్ తిరిగొస్తుంది, డీజిలూ ఆదా అవుతుంది.

ఇంకొకటి, మీ నాన్నకు కూడా చెప్పండి. హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక వెంటనే ఇంజను ఆపొద్దు, ఒక నిమిషం ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా నిదానంగా తిరగనివ్వాలి. టర్బో ఇరుసు చుట్టూ ఉండే ఆయిల్ ఆ వేడికి మాడి గట్టిపడకుండా ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య