తాడు ఎందుకు సాగాలి?

హైదరాబాదు

చిరంజీవులు సాహితికి, చైతన్యకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఖాజాగూడ బండల దగ్గర ఒక అబ్బాయి సగం దూరం ఎక్కి, పట్టు జారి, తాడుకు వేలాడుతూ నవ్వుతుంటే "పడినవాడు నవ్వుతాడేమిటి తాతయ్యా?" అని సాహితి అడిగింది. అప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి కూర్చున్నాక మా పాత బావి చేంతాడు గుర్తుకు వచ్చింది.

బొక్కెనను ఎప్పుడూ చేత్తో ఆపుకుంటూ దింపాలని మా అమ్మ చెప్పేది. నాకేమో గిలక గిరగిరమని తిరిగే చప్పుడంటే సరదా. ఒకనాడు తాడును సగం దగ్గర రాటకు ముడివేసిన సంగతి మరచి, పైదాకా తోడిన నిండు బొక్కెనను వదిలేశాను. నీళ్ళను చేరకముందే తాడు బిగుసుకుని, ఫట్‌మని తెగింది. పాతాళ గరిగె వేసి సాయంత్రందాకా దేవులాడాను, తిట్లు సరేసరి. ఏళ్ళ తరబడి అదే బరువును మోసిన తాడు ఒక్క కుదుపుకు ఓడిపోయింది, ఎందుకంటే పడుతున్న బొక్కెనను అది రెప్పపాటులో ఆపవలసి వచ్చింది.

పూర్వం కొండలెక్కేవారి నడుములకు ఉన్నవీ అటువంటి నారతాళ్ళే. అందుకే ముందు ఎక్కేవాడు ఎట్టి పరిస్థితిలోనూ పడకూడదన్నది వారి నియమం. 1935లో నైలాన్ పుట్టింది, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అది తాడుగా మారింది, 1953లో ఒక జర్మన్ సంస్థ లోపల పోగులు, పైన అల్లిన తొడుగు ఉన్న తాడును తయారుచేసింది. గట్టిగా పడితే ఈ తాడు మూడో వంతు దాకా సాగి, మనిషిని మెల్లగా ఆపుతుంది. మా అమ్మ చేతులు చేసిన పని కూడా అదే కదా!

అమెరికాలో ఎల్ కాపిటన్ అనే శిల ఉంది. దాని మీద 'నోస్' అనే దారిని 1958లో వారెన్ హార్డింగ్ బృందం మేకులు కొట్టి, వాటినే ఆసరా చేసుకుంటూ, ఏడాదికి పైగా సాగిన ప్రయత్నంలో దాదాపు 45 రోజులు శ్రమించి ఎక్కింది. 1993లో లిన్ హిల్ అనే ఆవిడ తాడును పడినప్పుడు ఆదుకోవడానికే ఉంచుకుని, తన చేతులతో, కాళ్ళతోనే దానిని ఎక్కింది; మరుసటి ఏడాది అదే పనిని ఒక్క రోజులో ముగించింది. బండను అంటుకునే రబ్బరు అడుగు బూట్లూ తోడ్పడ్డాయి, కాదనను. అయినా పెద్ద వాటా తాడుదేనంటాను. పడే వీలు లేనివాడు కొత్త పట్టును ప్రయత్నించి చూడడు. లెక్కల పరీక్షంటే వణికే చైతన్య ఈ మాటను రెండుసార్లు చదవాలి.

తాడును తగిలించడానికి కొట్టే ఆ మేకులు బండను గాయపరిచేవి. వాటికి బదులుగా 1978 నుంచి, బండ పగులులో ఇమిడి, లాగినకొద్దీ బిగుసుకునే పరికరాలు అమ్మకానికి వచ్చాయి. అవి ఎలా బిగుసుకుంటాయో కాగితం మీద చెప్పడం నా వల్ల కాదు, చేత్తో పట్టుకుని చూడవలసిందే.

వచ్చే ఆదివారం ఆ అబ్బాయిని మర్యాదగా అడిగి, కోసి పారేసిన పాత తాడు ముక్క ఒకటి తెచ్చుకోండి. తొడుగును నాడాలా వెనక్కి జరిపి, లోపలి తెల్లని పేటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య