పాలిప్ తీశాక ఆరో రోజు రక్తం పడితే అది మొలలు కాదండీ

రాజమండ్రిలో ఎండోస్కోపీ యూనిట్లో స్టాఫ్ నర్సుని. పాలిప్ అంటే పెద్దపేగు లోపలి గోడ మీద పెరిగే కండ, కెమెరా గొట్టం (స్కోపు) లోపలికి పంపి తీస్తాం. నిన్న రాత్రి మళ్ళీ అదే ఫోను, "సిస్టర్ గారూ, పాలిప్ తీయించుకుని వారం అయిపోయిందండి, ఇప్పుడు రక్తం పడతాందండి, దానికీ దీనికీ సంబంధం ఉండదు కదండీ?" ఉంటుందండీ.

అపోహ: మొదటి రోజు ఏం కాకపోతే గండం గడిచినట్టే.

వాస్తవం: కాదు. వైరు ఉచ్చు వేసి కరెంటుతో కోసిన చోట పుండు పడి పెచ్చు కడుతుంది, మోకాలి దెబ్బ మీద పెచ్చు ఊడినట్టే కొన్నాళ్ళకి అదీ ఊడుతుంది, కింద రక్తనాళం ఉంటే అప్పుడు కారుతుంది. కొద్దిమందికే అవుద్ది, కానీ 14 రోజుల దాకా కనిపెట్టుకుని ఉండాలి, పాలిప్ సెంటీమీటరు దాటినా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ఇంకా జాగ్రత్త.

కోనసీమ లంకల్లోంచి ఒక బాబాయ్ గారు వచ్చారు. ఆరో రోజు కొబ్బరికాయల బస్తాలు ఎత్తారంట, ఆ రాత్రి గడ్డలు గడ్డలుగా చెంబుడు రక్తం. మొలలే అనుకుని ఎవరో చెప్పిన పసరు పోసి, పొద్దున్న పడవ కదిలేదాకా కూర్చున్నారు. వచ్చేసరికి నాలిక తెల్లగా పాలిపోయింది. పిన్ని గారి చేతిలో మడత పెట్టిన మా డిశ్చార్జి కాగితం, "రక్తం పడితే వెంటనే రావాలి" అన్నచోట నేను గీసిన ఎర్రగీత అలాగే ఉంది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, మళ్ళీ స్కోపు వేసి రెండు క్లిప్పులు పెడితే ఆగింది. మనిషి దక్కాడు, కానీ ఆ రాత్రంతా ఆ ఇంట్లో ఎలా గడిచిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అపోహ: తర్వాత నొప్పొస్తే గ్యాసే.

వాస్తవం: గ్యాసు నొప్పి గాలి పోతే తగ్గుతుంది. జ్వరంతో పాటు ఒకేచోట పట్టి ఉండే నొప్పి వేరు, కరెంటు వేడి పేగు గోడ లోతుకి తగిలినా వస్తుంది, చిల్లు పడినా వస్తుంది, రెండూ ఒకేలా ఉంటాయి, సీటీ స్కాన్ తీస్తేనే తేలుతుంది. మొదటిదైతే నోటికేం ఇవ్వకుండా సెలైన్, యాంటీబయాటిక్స్‌తో సర్దుకుంటుంది, చిల్లయితే ఒక్కోసారి ఆపరేషనే. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ చేయించుకుని పడుకోకండి.

పాలిప్ కోస్తే కాన్సర్ పాకుద్దంటారు, అబద్ధం, కాన్సరవ్వకుండా ఉండటానికే తీస్తాం. గుండె మాత్రలు మీ అంతట మీరు మానకండి, అడిగి మానండి.

తుడుచుకుంటే ఒకటి రెండు రోజులు చుక్క కనపడటం మామూలే. గడ్డలు పడినా, కళ్ళు తిరిగినా దగ్గర్లో ఉన్న ఆస్పత్రికెళ్ళి మొట్టమొదటి మాటగా పాలిప్ తీసిన తేదీ చెప్పండి. మా నంబరు ఆ కాగితం మీదే ఉంటుంది, అర్ధరాత్రైనా చెయ్యండి, విసుక్కోం.